ఉప్పుగాలి ఊళ్లకు ఊక బూడిద కాంక్రీటు

సంపాదకులకు నమస్కారములు.

నేను ముప్పై మూడేళ్లు ప్రభుత్వ నిర్మాణ పనులు చూసి పదవీ విరమణ చేసిన సివిల్ ఇంజనీరును. పెదవాల్తేరులో, సముద్రానికి అర కిలోమీటరు కూడా లేని ఒక అపార్ట్‌మెంటులో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం పై అంతస్తు బాల్కనీ అడుగు నుంచి అరచేయంత పెచ్చు ఊడి, మా మనవరాలు రోజూ సాయంత్రం ఆడుకునే చోట పడింది. ఆ సమయానికి అక్కడ ఎవరూ లేరు. నిచ్చెన వేయించి చూస్తే లోపలి ఇనుప చువ్వ తుప్పుపట్టి పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది. దానిమీద ఉండవలసిన కాంక్రీటు కప్పు మందం కొలిస్తే రెండు సెంటీమీటర్లు కూడా లేదు. మా భవనం వయసు ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. బీచ్ రోడ్డు వెంట లాసన్స్ బే నుంచి సాగర్‌నగర్ దాకా నడిచే అలవాటున్నవారికి ఇటువంటి బాల్కనీలు, సన్‌షేడ్లు, మెట్ల అడుగులు ఎన్ని కనిపిస్తాయో నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ లేఖ మా బిల్డరు మీద ఫిర్యాదు కాదు. సముద్రపు ఒడ్డున కట్టే కాంక్రీటులోకి ఉప్పు ఎలా చేరుతుందో, దానిని అడ్డుకోగల ఒక పదార్థాన్ని మన పక్క జిల్లాల్లో రోడ్డు వార ఎలా పారబోస్తున్నామో పాఠకుల దృష్టికి, అధికారుల దృష్టికి తేవాలన్నది నా ఉద్దేశం. ఆ పదార్థం వరి ఊక బూడిద.

మొదట జబ్బు సంగతి చెబుతాను. తాజా కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ. ఆ క్షారం వల్ల ఇనుప చువ్వ మీద కంటికి కనిపించనంత పలుచని పొర ఒకటి ఏర్పడి, తుప్పు పట్టకుండా కాపాడుతుంది. కాంక్రీటు పైకి రాయిలా కనిపించినా లోపల సన్నని రంధ్రాల వల ఉంటుంది. సముద్రపు గాలిలోని ఉప్పు తేమతో కలిసి ఆ రంధ్రాల గుండా ఏళ్ల తరబడి లోపలికి ఇంకి, చువ్వను చేరిన రోజున ఆ పొరను ఛేదిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు మూడు రెట్లు, కొన్ని సందర్భాల్లో అంతకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచి నెట్టి పగలగొడుతుంది. మనం పెచ్చులూడడం అంటున్నది ఈ కథలో చివరి ఘట్టం మాత్రమే. అందుకే భారత ప్రమాణం ఐఎస్ 456 సముద్రతీర వాతావరణానికి గురయ్యే ఆర్‌సీసీకి కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు (అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ), చువ్వల మీద 45 మిల్లీమీటర్ల కప్పు, నీటికీ సిమెంటుకూ మధ్య 0.45 మించని నిష్పత్తి ఉండాలని చెప్పింది. సముద్రపు తుంపర నేరుగా పడే చోటికి ఎం35 గ్రేడు, 50 మిల్లీమీటర్ల కప్పు అడిగింది. ఇవి పాటిస్తే సగం జబ్బు రాదు. ఆ రంధ్రాల వలను ఇంకా బిగించే మార్గం కూడా ఒకటుంది, బూడిద ప్రస్తావన అక్కడే వస్తుంది.

గత సంక్రాంతికి మా చెల్లెలి ఊరికి విజయనగరం మీదుగా రాజాం వైపు వెళ్తుండగా, ఒక మిల్లు వెనుక కాలువ గట్టు పొడవునా నల్లటి గుట్టలు కనిపించి కారు ఆపించాను. అది ఊక కాల్చిన బూడిద. గాలి వీచినప్పుడల్లా లేచి పక్క పొలంలోని మినప మొక్కల మీద పడుతోంది. వాన వస్తే కాలువలోకి పోతుంది. గట్టు మీద పశువులు కాసుకుంటున్న ఒక పెద్దాయన, ‘ఇది ఎవరికీ పనికిరాదు బాబూ, ట్రాక్టరుకు డబ్బులిచ్చి మరీ పారబోయిస్తారు’ అన్నాడు. ఆయన మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఆ గుట్టలో ఉన్నది ఏమిటో ఉద్యోగంలో ఉన్నప్పుడు కొంత తెలుసుకున్నవాణ్ణి కావడం వల్ల, అది ఎవరికీ పనికిరాదన్న మాటను నేను ఒప్పుకోలేకపోయాను.

వరి మొక్క నేలలోని నీటితో పాటు సిలికాను (ఇసుకలో ఉండే పదార్థమే) పీల్చుకుని, అందులో చాలా భాగాన్ని గింజ మీది ఊకలో దాచుకుంటుంది. ధాన్యం బరువులో ఊక ఐదో వంతు ఉంటుంది. ఆ ఊకను పూర్తిగా కాల్చితే మిగిలే బూడిద మళ్లీ ఊక బరువులో ఐదో వంతు. అంటే టన్ను ధాన్యానికి సుమారు 200 కిలోల ఊక, దానికి సుమారు 40 కిలోల బూడిద. సరిగ్గా కాలిన ఆ బూడిదలో నూటికి 85 నుంచి 95 వంతులు సిలికాయే. మన అమ్మమ్మలు ఊక బూడిదతో ఇత్తడి గిన్నెలు తోమితే అవి తళతళలాడడానికి కారణం ఈ సిలికాయే. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన లోహం వేడి తగ్గకుండా పైన కప్పడానికి వాడే పొడుల్లోనూ ఊక బూడిద ఉంటుంది. ఉక్కు నగరమైన విశాఖవాసులకు ఈ సంగతి ఆసక్తి కలిగిస్తుందనుకుంటాను.

సిమెంటులో నీరు కలిసినప్పుడు రెండు వస్తువులు పుడతాయి. ఒకటి కాంక్రీటుకు బలాన్నిచ్చే జిగురు, రెండోది సున్నం. ఈ సున్నం బలానికి పెద్దగా తోడ్పడదు. నీటిలో కరిగి రంధ్రాలను ఇంకా తెరుచుకునేలా చేస్తుంది. చురుకైన సిలికా మెత్తని పొడి రూపంలో అక్కడ ఉంటే, ఆ సున్నాన్ని పట్టుకుని నీటి సమక్షంలో మళ్లీ అదే జిగురుగా మార్చి రంధ్రాలను పూడుస్తుంది. ఊక బూడిద చేసే మేలంతా ఈ ఒక్క చర్యలో ఉంది. సిమెంటులో నూటికి పది, పదిహేను వంతులు తీసివేసి ఆ స్థానంలో మంచి ఊక బూడిద వేసిన కాంక్రీటులోకి ఉప్పు చొరబడడం గణనీయంగా తగ్గుతుందని అనేక దేశాల ప్రయోగశాలల్లో తేలింది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన భారతీయ సంతతి శాస్త్రవేత్త పి.కె. మెహతా 1970వ దశకంలోనే దీనిమీద పని మొదలుపెట్టారు.

ఈ చర్య మన పెద్దలకు తెలియనిది కాదు. సిమెంటు రాకముందు మన మేస్త్రులు డంగు సున్నంలో ఇటుక పొడి కలిపి గచ్చు చేసేవారు. ఆ ఇటుక పొడి సున్నంతో కలిసి చేసే పని, ఊక బూడిద సిమెంటులోని సున్నంతో చేసే పని ఒకే జాతివి. పాత పట్టణంలో ఇంకా నిలబడి ఉన్న కొన్ని గోడలను గోటితో గీకి చూస్తే ఆ ఎర్రటి పొడి కనిపిస్తుంది. రోమనులు నేపుల్స్ దగ్గరి పొజ్జువోలి అనే ఊరి అగ్నిపర్వతపు బూడిదను సున్నంతో కలిపి సముద్రపు నీటిలోనే రేవులు కట్టారు. ఇటువంటి పదార్థాలన్నింటికీ ఇంజనీర్లు వాడే పొజొలానా అనే పేరు ఆ ఊరి నుంచే వచ్చింది.

అయితే కాలువ గట్టు మీది ఆ నల్లని గుట్టను యథాతథంగా ఎత్తి కాంక్రీటులో వేయవచ్చా అంటే, వేయకూడదని గట్టిగా చెబుతాను. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది కనుక దీని గురించి కొంచెం విస్తరంగా రాయడానికి అనుమతించండి.

ఊక ఎంత వేడి మీద, ఎంతసేపు కాలిందన్నదానిమీదే బూడిద గుణమంతా ఆధారపడి ఉంటుంది. సుమారు 500 నుంచి 700 డిగ్రీల మధ్య, గాలి బాగా ఆడేలా కాల్చితే సిలికా ఒక క్రమం లేని నిర్మాణంలో ఉండిపోతుంది. దానికే చురుకుదనం ఎక్కువ. అంతకు మించిన వేడిలో ఎక్కువసేపు ఉంటే అదే సిలికా స్ఫటికంగా మారి ఇసుక రేణువులా మొద్దుబారుతుంది. అప్పుడది సున్నంతో కలవదు, కాంక్రీటులో ఊరికే చోటు నింపుతుంది. గాలి చాలకుండా కాలితే కాలని బొగ్గు మిగిలి బూడిద నల్లగా వస్తుంది. ఆ బొగ్గు నీటినీ, నీరు పెంచకుండా మాలు జారుగా ఉండడానికి మనం కలిపే ప్లాస్టిసైజర్ రసాయనాన్నీ పీల్చేసుకుంటుంది. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్ల పని ఆవిరి పుట్టించడం, బూడిద గుణాన్ని కాపాడడం వాటి పని కాదు. కాబట్టి ఒకే మిల్లులో ఉదయం బూడిద ఒక రకంగా, సాయంత్రం మరో రకంగా ఉంటుంది. రంగును బట్టి కొంత ఊహించవచ్చు కాని నమ్మడానికి వీల్లేదు. తెల్లగా ఉన్నది బాగా కాలినదీ కావచ్చు, మితిమీరి కాలి మొద్దుబారినదీ కావచ్చు.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక కల్వర్టు పని దగ్గర కుతూహలం కొద్దీ ఒక మిల్లు బూడిదను తెప్పించి, సిమెంటులో పదో వంతు తగ్గించి దాని స్థానంలో వేసి కొన్ని క్యూబులు, అంటే బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మలు, పోయించాను. అసలు పనిలో దానిని వాడలేదు. మాలు పొడిపొడిగా అయిపోయి, మేస్త్రి అడిగినకొద్దీ నీళ్లు పోయవలసి వచ్చింది. 28 రోజుల పరీక్షలో ఆ క్యూబులు మామూలు క్యూబుల కంటే బాగా ముందే పగిలాయి. నేను నిరుత్సాహపడి వదిలేసేవాణ్ణే. కాని మా ప్రయోగశాలలో పనిచేసే ఒక సహోద్యోగి అదే బూడిదను సన్న జల్లెడలో జల్లించి, కాలని ముక్కలు తీసేసి, చిన్న బాల్ మిల్లులో గంటల తరబడి మెత్తగా ఆడించి, నీరు పెంచకుండా ప్లాస్టిసైజర్ వేసి మళ్లీ పోద్దామన్నాడు. ఈసారి 28 రోజుల క్యూబులు మామూలువాటితో సమానంగా నిలబడ్డాయి, 90 రోజులవి వాటిని దాటాయి. ఒక మిల్లు బూడిదతో వేసిన నాలుగైదు క్యూబుల ఫలితాన్ని అందరికీ వర్తించే నియమంగా నేను చెప్పను. బూడిదకూ బూడిదకూ మధ్య ఉన్న తేడా మాత్రం ఆ రోజు నాకు కళ్లకు కట్టింది.

ఐఎస్ 456 కూడా సరిగ్గా ఇదే చోట వేలు పెట్టింది. 2000 సంవత్సరపు ఆ ప్రమాణం కాంక్రీటులో కలపదగిన ఖనిజ పదార్థాల్లో ఫ్లైయాష్ (థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిద), సిలికా ఫ్యూమ్ (లోహ పరిశ్రమల నుంచి వచ్చే అతి మెత్తని సిలికా ధూళి), మెటాకేయోలిన్ (కాల్చిన తెల్ల బంకమన్ను), ఇనుప కొలిమిలో మిగిలే స్లాగ్‌లతో పాటు ఊక బూడిదనూ చేర్చింది. కావలసిన పనితనమూ, ఏకరూపతా ఉన్నట్లయితే సంబంధిత అధికారి ఆమోదంతో వాడవచ్చునన్నది. అంటే పాతికేళ్లుగా నియమం అడ్డు రావడం లేదు. ప్రతి లారీలోనూ ఒకే గుణంతో వచ్చే బూడిద మన దగ్గర లేకపోవడం, అది లేనంత కాలం సంతకం పెట్టే అధికారి వెనుకాడడం, ఈ రెండే అడ్డు. నేను కూడా ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే కాబట్టి ఆ వెనుకంజను తప్పు పట్టలేను.

ఇక్కడ ఇల్లు కట్టుకుంటున్న పాఠకులకు ఒక హెచ్చరిక. దుకాణంలో దొరికే పీపీసీ అనే మిశ్రమ సిమెంటు సంచిలో ఇప్పటికే నూటికి 15 నుంచి 35 వంతుల దాకా ఫ్లైయాష్ కలిసి ఉంటుంది. పీఎస్‌సీ సంచిలో స్లాగ్ ఉంటుంది. వాటి మీద మళ్లీ సైటులో ఎవరో చెప్పారని ఊక బూడిద కలిపితే సిమెంటు పాలు ప్రమాదకరంగా పడిపోతుంది. ఈ బూడిదను కలపవలసిన చోటు ఓపీసీతో, అంటే ఇవేవీ కలపని మామూలు సిమెంటుతో, కాంక్రీటును యంత్రాల మీద కలిపి పంపే రెడీమిక్స్ ప్లాంటు. అక్కడ తూకం ఉంటుంది, ప్లాస్టిసైజర్ ఉంటుంది, రోజూ క్యూబులు పోసే మనిషి ఉంటాడు. పలుగూ పారతో మాలు కలిపే చోట దయచేసి ఈ ప్రయోగం చేయవద్దు.

మన పక్కనే పరవాడలో 2000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రం నుంచి ఫ్లైయాష్, ఉక్కు కర్మాగారం నుంచి స్లాగ్ దొరుకుతుండగా ఊక బూడిద వెంట పడడం దేనికని కొందరు మిత్రులు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. మామూలు పనులకు, అంటే తీరానికి దూరంగా ఉండే గోడలకు, పునాదులకు, రోడ్లకు ఫ్లైయాష్, స్లాగులే చాలునని నేనూ అంటాను. అవి చవక, దగ్గర, గుణం తెలిసినవి. కాని ఫ్లైయాష్ నెమ్మదిగా పనిచేస్తుంది, మొదటి వారాల్లో బలం ఆలస్యంగా వస్తుంది. మెత్తగా ఆడించిన ఊక బూడిద అంతకంటే త్వరగా సున్నాన్ని పట్టుకుంటుంది. గుణంలో అది చాలా ఖరీదైన సిలికా ఫ్యూమ్‌కు దగ్గరగా ఉంటుంది. కాబట్టి దానిని తీరం వెంబడి బాల్కనీలకు, నీళ్ల ట్యాంకులకు, రేవు పనులకు, వంతెనలకు అట్టిపెట్టాలి. ఫ్లైయాష్‌తో కలిపి వాడితే ఒకటి త్వరగా, మరొకటి నిదానంగా పనిచేసి రెండూ ఒకదాని లోటును మరొకటి పూరిస్తాయి.

సిమెంటు వల్ల వాతావరణానికి జరిగే నష్టం సంగతి కూడా చెప్పాలి. సిమెంటుకు మూలమైన క్లింకర్ అనే కాల్చిన ముద్ద చేయడానికి సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల దాకా కాల్చుతారు. ఆ రాయి బరువులో నూటికి 44 వంతులు బొగ్గుపులుసు వాయువుగానే ఆకాశంలోకి పోతుంది. దీనికి ఇంధనం పొగ అదనం. ప్రపంచ మానవ కార్యకలాపాల నుంచి వెలువడే బొగ్గుపులుసు వాయువులో ఏడెనిమిది శాతం సిమెంటు పరిశ్రమదే. కాబట్టి సంచిలో ప్రతి కిలో క్లింకరు తగ్గినా మేలే. అయితే ఊక బూడిదతో సిమెంటు కాలుష్యమే తీరిపోతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు. దేశంలో ఏటా 13 కోట్ల టన్నులకు పైగా బియ్యం పండుతోంది. ధాన్యం లెక్కన సుమారు 20 కోట్ల టన్నులు. అందులోని ఊకనంతా ఒక్క గింజ వదలకుండా కాల్చినా వచ్చేది 80 లక్షల టన్నుల బూడిద. దేశంలో తయారవుతున్న సిమెంటు ఏటా 40 కోట్ల టన్నులు దాటింది. అంటే అంతా కలిపినా నూటికి రెండు వంతులే. ఈ లెక్కను ముందుగా ఒప్పుకుంటేనే, ఉన్న కొద్దిపాటి బూడిదను ఎక్కడ వాడితే ఎక్కువ ప్రయోజనమో ఆలోచించగలుగుతాం. తీరం పొడవునా ఉన్న మనకే ఆ అవసరం ఎక్కువ.

అదే లెక్కను ఒక ఇంటికి కుదించి చూస్తే కొంత ధైర్యం కలుగుతుంది. వెయ్యి చదరపు అడుగుల శ్లాబును ఐదంగుళాల మందంతో వేస్తే దాదాపు 12 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. ఘనపు మీటరుకు 350 కిలోల సిమెంటులో పదో వంతు చొప్పున బూడిద వేస్తే ఆ శ్లాబుకు 400 కిలోల పైచిలుకు కావాలి. అది పది టన్నుల ధాన్యం ఊక నుంచి వచ్చే బూడిద. ఎకరాకు పాతిక ముప్పై బస్తాల లెక్కన ఐదెకరాల వరి. ఐదెకరాల రైతు ఒక్క పంటలో పండించిన ధాన్యపు ఊక, అతని పట్నపు కొడుకు ఇంటి శ్లాబుకు ఉప్పు నుంచి రక్షణ ఇవ్వగలదన్న మాట.

చెరకు పిప్పి గురించి కూడా రెండు మాటలు. నేను పుట్టింది చోడవరం దగ్గర ఒక పల్లెలో. మా చిన్నప్పుడు బెల్లం పెనం కింద ఎండిన పిప్పినే కాల్చేవారు. పొయ్యి చల్లారాక ఎత్తిన బూడిదను పొలాల్లో చల్లేవారు. అనకాపల్లి ప్రాంతంలో ఇప్పటికీ ఎన్నో చోట్ల బెల్లం ఇలాగే వండుతున్నారు. పిప్పి బూడిదలోనూ సిలికా ఉంది, కాని ఊక బూడిదలో ఉన్నంత లేదు. పీచు రూపంలో కాలని ముక్కలు ఎక్కువ. వాటిని జల్లించి తీసేసి మెత్తగా ఆడించితే పనికివస్తుందని మద్రాసు ఐఐటీ పరిశోధకులు చూపించారు. టన్ను చెరకుకు ఆరు కిలోల ప్రాంతంలోనే బూడిద వస్తుంది కాబట్టి పల్లె పొయ్యిల నుంచి సేకరించడం గిట్టుబాటు కాదు. పిప్పిని బాయిలర్లలో కాల్చే చక్కెర మిల్లుల దగ్గరే దీనిని ఆలోచించాలి.

వరిగడ్డిని మాత్రం ఈ జాబితాలో చేర్చవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. గడ్డి పశువుల మేత. సిమెంటు పేరు చెప్పి ఒక్క కట్ట గడ్డినైనా కాల్చడం మన పాడి రైతులకు అన్యాయం. పైగా గడ్డి బూడిదలో పొటాషియం వంటి క్షారాలు ఎక్కువగా ఉండి కాంక్రీటుకు అంతగా నప్పదు.

ఇక జరగవలసిన పని. ఊక బూడిద చాలా తేలిక. లారీ నిండుతుంది గాని బరువు తూగదు. వంద కిలోమీటర్లు మోసుకురావడానికి అయ్యే కిరాయి దాని విలువను మింగేస్తుంది. అందువల్ల మిల్లులు దగ్గర దగ్గరగా ఉన్న చోట, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఒక్కొక్కటి చొప్పున, జల్లించి మెత్తగా ఆడించే ఉమ్మడి కేంద్రం కావాలి. ఆడించిన పొడి బరువు తూగుతుంది, సంచుల్లో నగరానికి చేరుతుంది. ఆ కేంద్రంలో ప్రతి లారీ బూడిదకూ మూడు పరీక్షలు తప్పనిసరి చేయాలి. కొలిమిలో వేడి చేసి ఎంత బరువు తగ్గిందో చూస్తే కాలని బొగ్గు పాలు తెలుస్తుంది. 45 మైక్రాన్ల జల్లెడ మీద ఎంత మిగిలిందో చూస్తే మెత్తదనం తెలుస్తుంది. ఐఎస్ 1727లో చెప్పిన విధంగా సున్నంతో కలిపి క్యూబులు పోస్తే చురుకుదనం తెలుస్తుంది. వీటిలో మొదటి రెండింటికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. సిలికా స్ఫటికంగా మారిందో లేదో తేల్చే ఎక్స్‌రే పరీక్షను నెలకొకసారి ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి చోట చేయించుకోవచ్చు. మిల్లు యజమానులకు కూడా దీనివల్ల లాభముంది. గాలి సరిగ్గా ఆడేలా పొయ్యిని సరిదిద్దితే అదే ఊకతో ఆవిరి ఎక్కువ వస్తుంది. మంచి బూడిదకు ధర పలికితే ట్రాక్టరు కిరాయి మిగులుతుంది. ఎవరినీ బెదిరించి చేయించవలసిన పని కాదిది.

ప్రభుత్వం తలచుకుంటే బూడిదకు మార్కెట్ ఎలా ఏర్పడుతుందో మనం కళ్లారా చూశాం. థర్మల్ బూడిద వినియోగంపై కేంద్ర పర్యావరణ శాఖ 1999లో తొలి ఉత్తర్వు ఇచ్చింది. 2021 డిసెంబరు 31 నాటి ఉత్తర్వులో విద్యుత్ కేంద్రాలకు 300 కిలోమీటర్ల లోపల జరిగే నిర్మాణాల్లో బూడిద ఉత్పత్తులు వాడాలని నిర్దేశించింది. ఒకప్పుడు ఫ్లైయాష్ ఇటుక అంటే ముఖం తిప్పుకున్న మేస్త్రులే ఇప్పుడు ఎర్ర ఇటుక అడగడం మానేశారు. ఊక బూడిదకు అంత కఠినమైన ఆజ్ఞ అక్కరలేదు. మహా విశాఖ నగరపాలక సంస్థ, రోడ్లు భవనాల శాఖ తమ టెండర్లలో తీరప్రాంతపు పనులకు పరీక్షలో నెగ్గిన ఊక బూడిదను అనుమతించే ఒక్క వాక్యం చేర్చితే చాలు. మొదట భవనాల భారం మోయని పనులతో మొదలుపెట్టవచ్చు. బీచ్ రోడ్డు కాలిబాట పలకలు, కాలువల మూతలు, పార్కుల ప్రహరీలు చాలు. పక్కపక్కనే మామూలు కాంక్రీటు పలకలూ, ఊక బూడిద పలకలూ వేసి, ప్రతి ఏడాదీ వాటి నుంచి ముక్కలు కోసి ఉప్పు ఎంత లోతుకు చేరిందో కొలిచి, ఫలితం మంచిదైనా చెడ్డదైనా ప్రజలకు ప్రకటించాలి.

రెండు జాగ్రత్తలు ఎట్టి పరిస్థితిలోనూ మరువరాదు. మొదటిది కార్మికుల ఊపిరితిత్తులు. ఊక బూడిద చాలా మెత్తని ధూళి. మితిమీరి కాలి స్ఫటికంగా మారిన సిలికాను ఏళ్ల తరబడి పీల్చితే సిలికోసిస్ అనే నయం కాని జబ్బు వస్తుంది. పలకల గనుల్లో, క్వారీల్లో పనిచేసినవారి కుటుంబాలకు ఆ జబ్బు ఏమిటో తెలుసు. కాబట్టి ఆడించే కేంద్రం మూసి ఉండాలి, ధూళిని పీల్చే యంత్రం ఉండాలి, సంచులు కట్టేవారికి సరైన మాస్కులు ఇవ్వాలి. ఆ ఏర్పాటు లేకుండా కేంద్రం తెరవడం కంటే అసలు తెరవకపోవడమే మేలని నా అభిప్రాయం. ఒక ఇంటి శ్లాబును కాపాడడానికి మరొకరి ఊపిరి తీయకూడదు.

రెండోది నీళ్లు కట్టడం. బూడిద చేసే పని నీరు ఉన్నంతసేపే జరుగుతుంది. మిశ్రమ సిమెంటు వాడిన కాంక్రీటుకు వేడి, పొడి వాతావరణంలో 14 రోజుల దాకా తడి ఆరకుండా చూడాలని ఐఎస్ 456 సూచిస్తుంది. మన సైట్లలో శ్లాబు మీద మడులు కట్టి వారం రోజులు నీళ్లు నిలుపుతారు. స్తంభాలకు, బాల్కనీ అడుగులకు మాత్రం రెండు రోజులు పైపుతో చల్లి ఊరుకుంటారు. బూడిద కాంక్రీటులో ఇలా చేస్తే సున్నం ఖర్చయిపోయి, రంధ్రాలు మాత్రం పూడకుండా మిగిలిపోతాయి. అప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువు సులువుగా లోపలికి వెళ్లి, చువ్వకు రక్షణగా ఉన్న క్షారాన్నే తగ్గిస్తుంది. మేలు చేయవలసినది కీడు చేస్తుంది. స్తంభాలకు తడి గోనె చుట్టి 14 రోజులు తడపలేనివారు ఈ బూడిద జోలికి పోకపోవడమే మంచిది.

మా అపార్ట్‌మెంటులో ఆ బాల్కనీ మరమ్మతుకు ఇప్పుడు ప్రతి కుటుంబమూ డబ్బు వేసుకుంటోంది. తుప్పు గీకి, చువ్వలకు పూత వేసి, కొత్త కాంక్రీటు అతికించడం ఎంత కష్టమో, ఎంత ఖర్చో చూస్తున్నప్పుడల్లా, మొదటి రోజునే కప్పు సరిగ్గా ఉండి, కాంక్రీటు బిగువుగా ఉండి ఉంటే ఈ బాధ తప్పేది కదా అనిపిస్తోంది. మధురవాడ, భీమిలి వైపు తీరం వెంట ఇప్పుడు లేస్తున్న భవనాల బాల్కనీల కింద కూడా పిల్లలు ఆడుకుంటారు.

ఖరీఫ్ ధాన్యం సంక్రాంతి లోపల మిల్లులకు చేరుతుంది, బాయిలర్లు అప్పుడే ముమ్మరంగా పనిచేస్తాయి. నగరపాలక సంస్థ ఇంజనీర్లు, విశ్వవిద్యాలయపు సివిల్ విభాగం వారు కలిసి డిసెంబరులోనే పది, పదిహేను మిల్లుల బూడిద నమూనాలు సేకరించి క్యూబులు పోస్తే, 90 రోజుల ఫలితాలు ఉగాది వెళ్లేసరికి చేతికి వస్తాయి. ఏ మిల్లు బూడిద పనికి వస్తుందో, ఏది రాదో అప్పటికి తెలిసిపోతుంది, వేసవి పనుల టెండర్లలో ఆ వాక్యం చేర్చడానికి వ్యవధి ఉంటుంది. క్యూబులు పోయడానికి, పరీక్షలు చూడడానికి నావంటి విశ్రాంత ఇంజనీర్ల సాయం కావాలంటే జీతం అడగకుండా వస్తామని మీ పత్రిక ద్వారా తెలియజేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు,
పెదవాల్తేరు, విశాఖపట్నం.